ఒకే మెయిల్, ఇంట్లో మూడు కంప్యూటర్లు: ఫోల్డర్లు, రూల్స్ అన్నిచోట్లా ఒకేలా ఉండాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. విశాఖపట్నం సీతమ్మధారలో ఇల్లు. హాల్లో నాన్నగారి డెస్క్‌టాప్, మీ గదిలో మీ ల్యాప్‌టాప్, అమ్మగారి దగ్గర ఇంకో ల్యాప్‌టాప్. ఇంటికంతటికీ ఒకే జీమెయిల్ అడ్రస్. కరెంటు బిల్లు, జీవీఎంసీ (నగరపాలక సంస్థ) ఇంటి పన్ను, ఎల్‌ఐసీ, బ్యాంకు, రైలు టికెట్లు అన్నీ దానికే వస్తాయి. మెయిల్ చూసుకోవడానికి డెస్క్‌టాప్‌లోనూ మీ ల్యాప్‌టాప్‌లోనూ థండర్‌బర్డ్ అనే ప్రోగ్రామ్, అమ్మగారి దాంట్లో ఔట్‌లుక్. నాన్నగారు ఏళ్ల తరబడి కూర్చుని నలభై ఫోల్డర్లు చేసుకున్నారు, ఏ మెయిల్ వస్తే ఏ ఫోల్డర్లోకి పోవాలో రూల్స్ రాసుకున్నారు. మీ ల్యాప్‌టాప్ తెరిస్తే ఆ ఫోల్డర్లు ఒక్కటీ లేవు, అంతా ఇన్‌బాక్స్‌లో కుప్ప. పైగా కొన్ని మెయిల్స్ అసలే కనబడట్లేదు. అందుకని థండర్‌బర్డ్ తన మెయిల్స్, సెట్టింగ్స్ అన్నీ దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్‌ని గూగుల్ డ్రైవ్‌లోనో, రౌటర్‌కి తగిలించిన హార్డ్ డిస్కులోనో పెట్టేసి మూడూ దాన్నే వాడుకునేలా చేయొచ్చా అని అడిగారు.

చేయొద్దు. ఇది చాలామందికి వచ్చే ఆలోచనే, కానీ నెల తిరక్కుండా ఏదో ఒక ఫోల్డర్ పాడవుతుంది. ఎందుకో చెప్తాను. థండర్‌బర్డ్ మామూలుగా ఒక్కో ఫోల్డర్‌లోని మెయిల్స్ అన్నిటినీ కలిపి డిస్కు మీద ఒకే పెద్ద ఫైలుగా రాస్తుంది. దాని పక్కనే ఏ మెయిల్ ఎక్కడుందో చెప్పే చిన్న ఇండెక్స్ ఫైలు ఉంటుంది. ఇన్‌బాక్స్ రెండు జీబీ ఉందనుకోండి, కొత్తగా నాలుగు లైన్ల మెయిల్ వచ్చినా ఆ రెండు జీబీ ఫైలే మారినట్టు లెక్క. డ్రైవ్ దాన్ని మళ్లీ పైకి ఎక్కించడం మొదలుపెడుతుంది. ఈలోపు మీరు పై గదిలో మీ దాంట్లో ఇంకో మెయిల్ తెరుస్తారు. ఇప్పుడు ఒకే ఫైలుకి రెండు కాపీలు, రెండూ వేరు. ఇండెక్స్ ఒకదానిది, మెయిల్ ఇంకోదానిది. ఒక హెడ్డింగ్ నొక్కితే ఇంకో మెయిల్ తెరుచుకునే వింత ఇక్కడి నుంచే వస్తుంది. ఒకేసారి రెండుచోట్ల తెరవకుండా థండర్‌బర్డ్ ఒక లాక్ ఫైలు పెట్టుకుంటుంది గానీ, అది ఒకే మెషీన్ మీద పనికొచ్చే ఏర్పాటు. మీ డ్రైవ్ సింక్‌కి ఆ లాక్ సంగతి తెలియదు.

ఔట్‌లుక్ మెయిల్స్ దాచుకునే పీఎస్‌టీ ఫైలు సంగతి ఇంకా తేలిక. నెట్‌వర్క్ మీద పెట్టి వాడటాన్ని తాము సపోర్ట్ చేయమని మైక్రోసాఫ్టే చెప్పింది. ఒకరు తెరిచి ఉండగా రెండోవాళ్లు తెరవలేరు కూడా.

ఫైళ్లను పంచుకోవాలన్న ఆలోచన వదిలేయండి. ఫోల్డర్లూ రూల్సూ రెండూ మెయిల్ మొదట వచ్చి పడే చోటే, అంటే జీమెయిల్ సర్వర్‌లోనే ఉండాలి. మూడు కంప్యూటర్లూ, ఫోన్లూ దాన్ని చూడటానికి మాత్రమే. డెస్క్‌టాప్ ఆపేసి ఉన్నా, కరెంటు పోయినా, మెయిల్ దాని ఫోల్డర్‌లోకి అది వెళ్లిపోవాలి. మీ ఇంట్లో ఇప్పుడు ఆ పని చేసేది హాల్లో ఉన్న డెస్క్‌టాప్ ఒక్కటే. గొడవంతా అక్కడుంది.

ముందు జబ్బేమిటో చూద్దాం. నాన్నగారి థండర్‌బర్డ్‌లో అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి సర్వర్ సెట్టింగ్స్ నొక్కండి. పైనే సర్వర్ టైప్ అని ఉంటుంది. అక్కడ పాప్ అనీ, పోర్ట్ 995 అనీ కనబడితే నా అనుమానం నిజమే. ఐమ్యాప్ అయితే 993 ఉంటుంది. పాప్, ఐమ్యాప్ అనేవి సర్వర్‌లోని మెయిల్‌ని కంప్యూటర్‌లో చూసుకునే రెండు పద్ధతులు. పాప్ 1996లో ఇప్పటి రూపానికి వచ్చింది. ఒక మనిషి, ఒక కంప్యూటర్, డయలప్ కనెక్షన్ ఉన్న రోజుల లెక్క అది: మెయిల్ దించుకో, లైన్ కట్ చెయ్. ఫోల్డర్లంటే దానికి తెలియదు, తెలిసింది ఇన్‌బాక్స్ ఒక్కటే. అందుకే నాన్నగారి నలభై ఫోల్డర్లూ ఆ డెస్క్‌టాప్ డిస్కు మీద తప్ప లోకంలో ఇంకెక్కడా లేవు. ఐమ్యాప్‌ని 1986లోనే మార్క్ క్రిస్పిన్ స్టాన్‌ఫర్డ్‌లో మొదలుపెట్టాడు. మెయిల్ సర్వర్ మీదే ఉంటుంది, ఎన్ని మెషీన్ల నుంచి చూసినా అదే పెట్టె కనబడుతుంది. మీకు కావలసింది సరిగ్గా అదే.

మీకు కొన్ని మెయిల్స్ కనబడకపోవడానికీ కారణం ఇదే అయ్యుండాలి. జీమెయిల్‌లో పాప్‌కి ఒక సొంత అలవాటుంది. ఒక మెయిల్‌ని ఒకసారి పాప్ ద్వారా ఇచ్చేశాక, రెండో కంప్యూటర్ పాప్‌లో అడిగితే మళ్లీ ఇవ్వదు. మీ ల్యాప్‌టాప్ కూడా పాప్ మీదే ఉంటే, పొద్దున్నే ముందు ఎవరు ఆన్ చేస్తే మెయిల్ వాళ్లది. నాన్నగారు అయిదింటికే లేస్తారని మీరే రాశారు. యూజర్‌నేమ్ ముందు రీసెంట్ అనే మాట, తర్వాత కోలన్ పెడితే గత 30 రోజుల మెయిల్స్ అందరికీ ఇస్తుంది గానీ, అది కట్టు కట్టడమే, ఫోల్డర్ల బాధ తీరదు. ఆ దారి వద్దు.

పోయాయనుకున్న మెయిల్స్ గురించి కంగారు పడేముందు బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి, ఆల్ మెయిల్‌లో వెతకండి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ అండ్ పాప్ ఐమ్యాప్ అనే ట్యాబ్‌లో, పాప్ ద్వారా తీసుకున్న మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే గడి ఉంటుంది: ఇన్‌బాక్స్‌లో ఉంచు, చదివినట్టు గుర్తు పెట్టు, ఆర్కైవ్ చెయ్, డిలీట్ చెయ్. ఆర్కైవ్ అని ఉంటే అన్నీ ఆల్ మెయిల్‌లో భద్రంగా ఉన్నట్టే. డిలీట్ అని ఉంటే మాత్రం పాత మెయిల్స్‌కి డెస్క్‌టాప్ ఒక్కటే దిక్కు. ఆ సంగతి తేలేదాకా దాన్ని ఫార్మాట్ చేయడం, సర్వీసుకి ఇవ్వడం లాంటివి పెట్టుకోకండి. ఆ గడిని వెంటనే ఇన్‌బాక్స్‌లో ఉంచు అని మార్చేయండి.

తర్వాత బ్యాకప్. డెస్క్‌టాప్ థండర్‌బర్డ్‌లో హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ప్రొఫైల్ ఫోల్డర్ పక్కన ఓపెన్ బటన్ ఉంటుంది. ఆ ఫోల్డర్ ఎక్కడుందో చూసుకుని, థండర్‌బర్డ్ పూర్తిగా మూసేసి, మొత్తం ఫోల్డర్‌ని బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. తెరిచి ఉండగా కాపీ చేస్తే సగం రాసిన ఫైళ్లు వస్తాయి. ఇది అయ్యాకే మిగతాది.

పాప్ అకౌంట్‌ని ఐమ్యాప్‌గా మార్చే బటన్ థండర్‌బర్డ్‌లో లేదు. అదే అడ్రస్‌తో రెండో అకౌంట్ కొత్తగా పెట్టుకోవాలి, ఈసారి ఐమ్యాప్ ఎంచుకోండి. లాగిన్ పద్ధతి దగ్గర ఓఆత్2 ఉండాలి. అప్పుడు గూగుల్ పేజీ తెరుచుకుని పాస్‌వర్డ్ అక్కడే అడుగుతుంది. మామూలు పాస్‌వర్డ్ నేరుగా ఇచ్చే పాత పద్ధతిని గూగుల్ 2022 మేలో సొంత అకౌంట్లకు ఆపేసింది. డెస్క్‌టాప్ ఇంకా విండోస్ 7 మీద ఉంటే థండర్‌బర్డ్ 115 దాకానే వస్తుంది, దాంతో ఈ పని జరుగుతుంది. అమ్మగారి ఔట్‌లుక్ పాత వెర్షన్ అయితే గూగుల్ లాగిన్ పేజీ రాకపోవచ్చు. అలాంటప్పుడు గూగుల్ అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, యాప్ పాస్‌వర్డ్ అని పదహారు అక్షరాలది ఒకటి తీసుకుని ఔట్‌లుక్‌కి ఇవ్వాలి. టూ స్టెప్ పెట్టేటప్పుడు నోటిఫికేషన్ ఎవరి ఫోన్‌కి రావాలో ఇంట్లో ముందే అనుకోండి. గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ప్రింట్ తీసి ఇంటి కాగితాలున్న బీరువాలో పడేయండి. నాన్నగారు ఫోన్‌తో సహా తిరుపతి వెళ్లినప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

కొత్త అకౌంట్ వచ్చాక పాత పాప్ అకౌంట్‌ని తీసేయకండి. ఆన్ కాగానే మెయిల్ చూడు, పది నిమిషాలకోసారి చూడు అనే రెండు టిక్కులు మాత్రం తీసేయండి. అది ఇక పాత సామాన్ల గది.

ఇప్పుడు అసలు శ్రమ, పాత ఫోల్డర్లని పైకి ఎక్కించడం. పాత అకౌంట్‌లోని ఫోల్డర్‌లో మెయిల్స్ ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి, కొత్త ఐమ్యాప్ అకౌంట్‌లోని ఫోల్డర్‌కి కాపీ చేయాలి. మూవ్ కాదు, కాపీ. మధ్యలో నెట్ పోతే మూవ్‌లో మెయిల్ అక్కడా ఇక్కడా కాకుండా పోయే ప్రమాదం ఉంది. ఒకేసారి ఆరువేలు ఎంచుకుని వదిలేయకండి, కొన్ని వందల చొప్పున వెళ్లండి. ఐమ్యాప్ ద్వారా పైకి ఎక్కించేదానికి జీమెయిల్‌కి రోజుకి 500 ఎంబీ హద్దు ఉంది. దించుకునేదానికి 2500 ఎంబీ. హద్దు దాటితే అకౌంట్ కాసేపు మొరాయిస్తుంది, పాస్‌వర్డ్ తప్పేమో అని మీరు టెన్షన్ పడతారు. అది పాస్‌వర్డ్ కాదు, మర్నాటికి దానంతటదే సర్దుకుంటుంది. నాన్నగారి పాత మెయిల్ అయిదు జీబీ ఉంటే పది రోజుల పని అనుకోండి. రోజూ రాత్రి రెండు ఫోల్డర్లు. ఎక్కాక అటూ ఇటూ లెక్క సరిచూసుకుని, అప్పుడే తర్వాతది.

దానికి ముందు చోటు ఉందో లేదో చూడండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కొక్కదానికే కాదు, డ్రైవ్‌కీ ఫోటోలకీ కలిపి. అమ్మగారి ఫోన్ ఫోటోలు కూడా ఇదే అకౌంట్‌లోకి పోతుంటే సగం అప్పుడే నిండిపోయి ఉంటుంది. జీమెయిల్‌లో వెతికే పెట్టె పక్కన గీతల గుర్తు నొక్కితే సైజు అనే గడి వస్తుంది, 10 ఎంబీ దాటినవి అడగండి. పెళ్లి వీడియోలు, గృహప్రవేశం ఆహ్వానాలు, ఎవరో పంపిన దేవుడి పాటలు బయటపడతాయి. ఉంచుకోవాల్సినవి డిస్కులోకి దించుకుని మిగతావి తీసేయండి.

నలభై ఫోల్డర్లూ అలాగే ఎక్కించాలా? నన్నడిగితే వద్దు. నాన్నగారి మనసు నొప్పించమని కాదు. కానీ ఫోల్డర్లు ఎక్కువయ్యేకొద్దీ ఏ మెయిల్ ఎందులో ఉందో గుర్తుండేది ఆయనొక్కరికే. మిగతా ఇద్దరూ ఎలాగూ వెతికే పెట్టెలోనే వెతుకుతారు. ఇంటి బిల్లులు-పన్నులు, బ్యాంకు, ఇన్సూరెన్స్, పెన్షన్-మెడికల్, ప్రయాణాలు, అపార్ట్‌మెంట్ సంఘం, చుట్టాలు, పాతవి. ఎనిమిది చాలు. ఆయన ఒప్పుకోకపోతే పాతవి కింద ఆయన ఫోల్డర్లన్నీ పిల్ల ఫోల్డర్లుగా పెట్టేయండి. పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, థండర్‌బర్డ్‌లో, ఔట్‌లుక్‌లో, ఫోన్‌లో అన్నిట్లోనూ తెలుగులోనే కనబడతాయి. డిస్కు మీద ఫైలు పేరు మాత్రం అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలతో ఉండొచ్చు. ఐమ్యాప్ తెలుగు పేరుని లోపల అలా రాసుకుంటుంది. వైరస్ అనుకుని డిలీట్ చేసేయకండి.

జీమెయిల్‌లో ఫోల్డర్ అని మనం చూసేది నిజానికి లేబుల్. ఒకే మెయిల్‌కి రెండు లేబుల్స్ ఉంటే థండర్‌బర్డ్‌లో రెండు ఫోల్డర్లలో కనబడుతుంది, ఆల్ మెయిల్‌లో మూడోసారి. డిస్కు మీద కూడా అన్నిసార్లు దిగొచ్చు. ల్యాప్‌టాప్‌లో చోటు తక్కువైతే జీమెయిల్ సెట్టింగ్స్‌లో లేబుల్స్ ట్యాబ్‌కి వెళ్లి ఆల్ మెయిల్ ఎదురుగా షో ఇన్ ఐమ్యాప్ టిక్ తీసేయండి. ఇది అకౌంట్ మొత్తానికి వర్తిస్తుంది, ఒక్క ల్యాప్‌టాప్‌కే కాదు. ఒక్క ల్యాప్‌టాప్‌కే కావాలంటే థండర్‌బర్డ్‌లో అకౌంట్ మీద రైట్ క్లిక్ చేసి సబ్‌స్క్రైబ్ తెరవండి, ఏయే ఫోల్డర్లు ఇక్కడ కనబడాలో అక్కడ ఎంచుకోవచ్చు. నాన్నగారు కొత్తగా చేసిన ఫోల్డర్ మీ దాంట్లో రాకపోయినా చూడాల్సింది అక్కడే.

ఇక రూల్స్. నాన్నగారి రూల్స్ అన్నీ ప్రొఫైల్ లోపల, పాత అకౌంట్ ఫోల్డర్లో, ఎంఎస్‌జీ ఫిల్టర్ రూల్స్ అనే డ్యాట్ ఫైలులో (msgFilterRules.dat) ఉంటాయి. ఒక్కో అకౌంట్‌కి ఒక్కో ఫైలు. దాని కాపీ ఒకటి తీసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి, భయపడాల్సిందేం లేదు, అక్షరాలే. ఒక్కో రూలుకి ఆరేడు లైన్లు: రూలు పేరు, అది ఆన్‌లో ఉందో లేదో, ఏం చేయాలి, ఏ ఫోల్డర్లోకి, ఏ షరతు మీద. ఏ ఫోల్డర్లోకి అనే లైను చూడండి. అది మెయిల్‌బాక్స్ అనే మాటతో మొదలైతే ఆ ఫోల్డర్ డెస్క్‌టాప్ డిస్కు మీదున్నది. ఐమ్యాప్ అని మొదలైతే సర్వర్ మీదున్నది. మీ ఇంట్లో అన్నీ మెయిల్‌బాక్స్ అనే ఉంటాయని నా లెక్క. ఈ ఫైలుని మీ ల్యాప్‌టాప్‌లోకి ఉన్నదున్నట్టు కాపీ చేస్తే పని చేయకపోవడానికి కారణం అదే. ఆ అడ్రస్‌లో మీ దగ్గర ఫోల్డర్ ఉండదు, థండర్‌బర్డ్ ఆ రూలుని ఆపేస్తుంది.

ఆ లైన్లని ఐమ్యాప్ అడ్రస్‌లుగా మార్చి మూడుచోట్లా పెట్టుకోవచ్చు కదా అంటారా? టెక్నికల్‌గా కుదురుతుంది. నేనైతే చేయను. మూడు మెషీన్లలో ఒకే రూలు నడిస్తే మూడూ ఒకే మెయిల్ మీద పడతాయి. ఒకటి జరిపేసేసరికి రెండోదానికి అది కనబడదు. కాపీ చేసే రూల్స్ అయితే ఒకే మెయిల్ మీద రెండుసార్లు నడుస్తాయి. అన్నీ ఆపేసి ఉన్నప్పుడు అసలేదీ నడవదు, ఫోన్‌లో మళ్లీ కుప్పే. ఆర్నెల్ల తర్వాత నాన్నగారు ఒకచోట రూలు మార్చి మిగతా రెండుచోట్ల మార్చడం మర్చిపోతారు. ఆ గందరగోళం విప్పడం కన్నా ఇప్పుడే జీమెయిల్‌లో మళ్లీ రాసుకోవడం నయం. థండర్‌బర్డ్ రూల్స్‌ని జీమెయిల్ నేరుగా తీసుకోలేదు, చేత్తో రాయాల్సిందే. నోట్‌ప్యాడ్‌లో తెరిచిన ఆ ఫైలే మీకు జాబితా. ఫోల్డర్లు తగ్గించారు కాబట్టి రూల్స్ కూడా బాగా తగ్గుతాయి.

కరెంటు బిల్లు రూలు ఒకటి రాసి చూపిస్తాను. బ్రౌజర్‌లో కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ నుంచి వచ్చిన ఒక మెయిల్ తెరవండి. పైన మూడు చుక్కలు నొక్కితే ఫిల్టర్ మెసేజెస్ లైక్ దీజ్ అని వస్తుంది. పంపినవాళ్ల అడ్రస్ దానంతటదే నిండి ఉంటుంది. పెద్ద సంస్థలు బిల్లు ఒక అడ్రస్ నుంచి, రసీదు ఇంకో అడ్రస్ నుంచి పంపుతుంటాయి. అందుకని మొత్తం అడ్రస్ కాకుండా యాట్ గుర్తు తర్వాత భాగాన్ని మాత్రం ఉంచండి. జీవీఎంసీ కూడా ఇదే ఫోల్డర్లోకి పోవాలంటే దాని అడ్రస్ కూడా పక్కన రాసి, రెండిటి మధ్య ఇంగ్లిష్‌లో ఆర్ (OR) అని రెండూ పెద్ద అక్షరాల్లో పెట్టండి. చిన్న అక్షరాల్లో పెడితే మామూలు మాటగా లెక్కేస్తుంది. క్రియేట్ ఫిల్టర్ నొక్కకముందు సెర్చ్ నొక్కి, ఏయే మెయిల్స్ దొరుకుతున్నాయో చూడండి. ఫోన్ కంపెనీ ఆఫర్లు కూడా అందులో పడుతుంటే షరతు వదులైనట్టు. సబ్జెక్ట్‌లో బిల్ అనే మాట ఉంటే చాలు అని పెట్టిన రూలు ఎప్పుడూ ఇలాగే చెడుతుంది.

తర్వాత పేజీలో అప్లై ద లేబుల్ దగ్గర మీ ఫోల్డర్ ఎంచుకోండి. నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్ టిక్ పెట్టండి. కింద ఉన్న ఆల్సో అప్లై అనే టిక్ పెడితే ఇదివరకు వచ్చిన మెయిల్స్ కూడా ఆ ఫోల్డర్లోకి చేరతాయి. ఆ ఒక్క టిక్కుతో పాత కుప్పలో సగం సర్దుకుంటుంది. ఇక మొదట్లో ఉండే స్కిప్ ద ఇన్‌బాక్స్ దగ్గర ఆలోచించండి. అది పెడితే మెయిల్ ఇన్‌బాక్స్‌లో కనబడదు, ఫోన్‌లో మామూలుగా మోత కూడా మోగదు. అపార్ట్‌మెంట్ సంఘం మినిట్స్, షాపింగ్ ఆఫర్లు, వారపత్రికల మెయిల్స్‌కి పెట్టుకోండి. ఆఖరు తేదీ ఉన్న దేనికీ పెట్టొద్దు. కరెంటు బిల్లు, ప్రీమియం, ఆర్నెల్లకోసారి వచ్చే ఇంటి పన్ను, ఓటీపీ వచ్చే బ్యాంకు అడ్రస్, వీటికి లేబుల్ మాత్రం తగిలించి ఇన్‌బాక్స్‌లోనే ఉండనివ్వండి. కట్టేశాక నాన్నగారు ఆర్కైవ్ నొక్కితే ఇన్‌బాక్స్‌లోంచి పోతుంది, ఫోల్డర్లో ఉంటుంది. ఇన్‌బాక్స్ చూస్తే ఇంకా ఏం కట్టాలో తెలిసిపోతుంది. ఇది నాకు మడతలు పెట్టిన ఫోల్డర్లన్నిటికన్నా ఎక్కువ ఉపయోగం అనిపిస్తుంది.

జీమెయిల్‌కి రాని రూల్స్ కొన్ని ఉంటాయి. ముప్పై రోజులు దాటిన ఆఫర్ మెయిల్స్ తీసేయడం, అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్ల నుంచి వస్తే రంగు పెట్టడం లాంటివి. వాటిని నాన్నగారి డెస్క్‌టాప్ ఒక్కదాంట్లోనే కొత్త ఐమ్యాప్ అకౌంట్ మీద మళ్లీ రాయండి. ఇంకెక్కడా రాయొద్దు. ఔట్‌లుక్‌లో అసలు వద్దు. ఐమ్యాప్ అకౌంట్ మీద ఔట్‌లుక్ రూల్స్ ఔట్‌లుక్ తెరిచి ఉన్నప్పుడే నడుస్తాయి, వాటిని ఎక్స్‌పోర్ట్ చేసినా ఇంకో ఔట్‌లుక్‌కే పనికొస్తాయి.

జనం మర్చిపోయే రూలు ఇంకోటుంది, థండర్‌బర్డ్ సొంత జంక్ ఫిల్టర్. ప్రతి మెషీన్‌లోనూ అది విడిగా నేర్చుకుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో అది బ్యాంకు మెయిల్‌ని చెత్త అనుకుని జంక్‌లోకి తోసేస్తే, ఐమ్యాప్ కాబట్టి నాన్నగారి దాంట్లోంచీ అమ్మగారి దాంట్లోంచీ అదే క్షణంలో మాయం. ఎవరు జరిపారో ఎవరికీ తెలియదు, ఒకరినొకరు అనుకోవడమే. జీమెయిల్ స్పామ్ ఫిల్టర్ ఎలాగూ ఉంది. అన్ని మెషీన్లలోనూ అకౌంట్ సెట్టింగ్స్‌లో జంక్ కంట్రోల్స్ ఆపేయండి.

సెట్టింగ్స్‌తో తీరనిది ఒకటుంది, ఇంట్లో మాట్లాడుకోవాలి. ఐమ్యాప్‌లో అంతా ఉమ్మడి. నాన్నగారు చదివితే మీకూ చదివినట్టే కనబడుతుంది. అమ్మగారు డిలీట్ చేస్తే అందరికీ పోతుంది. ఏ ఫోల్డర్లోంచి చేసినా ట్రాష్‌లోకి వెళ్లిన మెయిల్ అన్ని లేబుల్స్ నుంచీ పోతుంది, 30 రోజుల తర్వాత శాశ్వతంగా. అందుకని బోల్డ్ అక్షరాల్ని నమ్ముకోకుండా, ఇంకా పని మిగిలి ఉన్న మెయిల్‌కి స్టార్ పెట్టుకోండి. ఆ స్టార్ మూడు కంప్యూటర్లలో, ఫోన్లలో కనబడుతుంది. డిలీట్ నాన్నగారు ఒక్కరే చేయాలి, మిగతావాళ్లు ఆర్కైవ్ చేయాలి అనుకుంటే ఇంకా మంచిది. అమ్మగారికి సొంత విషయాల మెయిల్స్ ఉంటే ఆమెకి వేరే అకౌంట్ ఉండటమే మర్యాద. ఉమ్మడి పెట్టె మాత్రం ఆమెకి తెరిచి ఇవ్వాలంటే జీమెయిల్‌లో గ్రాంట్ యాక్సెస్ అనే ఏర్పాటు ఉంది, పాస్‌వర్డ్ చెప్పకుండానే పది మంది దాకా ఇవ్వొచ్చు. అది బ్రౌజర్‌లో పనిచేస్తుంది, థండర్‌బర్డ్‌లో రాదు. ఒక్క కరెంటు బిల్లే ఆమెకి కూడా వెళ్లాలంటే ఆ ఫిల్టర్‌లోనే ఫార్వర్డ్ ఇట్ టు పెట్టండి, ఆమె అడ్రస్‌ని ముందు ఒకసారి నిర్ధారించుకోవాలి.

అన్నీ కలిపాక అప్పుడప్పుడు టూ మెనీ కనెక్షన్స్ అనే ఎర్రర్ రావచ్చు. జీమెయిల్ ఒక అకౌంట్‌కి ఒకేసారి 15 ఐమ్యాప్ కనెక్షన్లే ఇస్తుంది. థండర్‌బర్డ్ ఒక్కోటి అయిదు దాకా పట్టుకు కూర్చుంటుంది. రెండు థండర్‌బర్డ్‌లు, ఒక ఔట్‌లుక్, ఐమ్యాప్ మీద నడిచే మెయిల్ యాప్ ఉన్న ఫోన్లు కలిస్తే హద్దు దగ్గరపడుతుంది. సర్వర్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి ఆ అయిదుని రెండు చేయండి. తేడా ఏమీ తెలియదు.

ఇంట్లోనే రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ పెట్టి, సీవ్ అనే భాషలో రూల్స్ రాసుకుని, మన మెయిల్ సర్వర్ మనమే నడుపుకోవచ్చని ఎవరైనా చెప్తారు. నిజమే, సీవ్ చాలా బాగుంటుంది. ఒకచోట రాసిన రూలు ఏ మెషీన్ నుంచైనా మార్చుకోవచ్చు. జీమెయిల్‌కి అది రాదు. కానీ కరెంటు పోయినప్పుడల్లా ఇంటి మెయిల్ ఆగిపోయే ఏర్పాటు నాన్నగారి నెత్తిన పెట్టకండి.

ఇక బ్యాకప్. ఐమ్యాప్ బ్యాకప్ కాదు. ఒకచోట పోతే అన్నిచోట్లా పోతుంది, ఇందాకే చెప్పాను. అలాగని డెస్క్‌టాప్ ఒక్కదాన్నే నమ్ముకోవడమూ కుదరదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన ఊళ్లో కిటికీ అద్దాలు పగిలి హాల్లోకి నీళ్లు కొట్టిన ఇళ్లు ఎన్నో. కిటికీ పక్క టేబుల్ కింద ఉన్న సీపీయూ మొదట తడిసేది. సముద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్లకి తుఫాను కూడా అక్కర్లేదు, ఉప్పుగాలికే బోర్డులు తుప్పు పడతాయి. మీకు నేను చెప్పే ఏర్పాటు ఇది: నాన్నగారి డెస్క్‌టాప్‌లో సింక్రనైజేషన్ సెట్టింగ్‌లో అన్ని మెయిల్స్ ఈ కంప్యూటర్‌లో ఉంచు అని పెట్టండి. ల్యాప్‌టాప్‌లలో గత మూడు నెలలవి చాలు. ఏటా ఏప్రిల్‌లో, టాక్స్ కాగితాలు ఎలాగూ సర్దుకుంటారు కదా, అప్పుడే మన డేటా దించుకోవడానికి గూగుల్ ఇచ్చే టేక్‌అవుట్ పేజీ నుంచి మెయిల్ మొత్తం ఒక ఫైలుగా దించుకుని బయటి డిస్కులో పెట్టండి. అది థండర్‌బర్డ్ చదవగలిగే పద్ధతిలోనే వస్తుంది. జీమెయిల్ ఫిల్టర్స్ పేజీలో అన్నీ టిక్ పెట్టి ఎక్స్‌పోర్ట్ నొక్కితే రూల్స్ అన్నీ ఒక చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా వస్తాయి, దాన్నీ పక్కనే పడేయండి. రేపు అమ్మగారికి వేరే అకౌంట్ తీస్తే అదే ఫైలుని అక్కడ ఇంపోర్ట్ చేయొచ్చు. అవే రూల్స్ మళ్లీ రాయక్కర్లేదు.

డెస్క్‌టాప్‌లో పాప్ కాకుండా ఐమ్యాపే కనబడితే నా అంచనా సగం తప్పినట్టు. అప్పుడు ఆ ఫోల్డర్లు ఎడమవైపు లోకల్ ఫోల్డర్స్ అనే పేరు కింద ఉన్నాయేమో చూడండి. ఉంటే పైకి ఎక్కించే పద్ధతి ఇదే, కొత్త అకౌంట్ పెట్టే పని మాత్రం తప్పుతుంది. ఏది కనబడిందో, ప్రొఫైల్ ఫోల్డర్ ఎన్ని జీబీ ఉందో రాస్తే, ఏ ఫోల్డర్‌తో మొదలుపెట్టాలో చెప్తాను.